తిమింగలాలను లెక్కపెట్టిన చరిత్ర



జనాభా లెక్కల గురించి మీరందరూ పాఠాల్లో చదివే ఉంటారు. మన దేశమంతటా ఒకే కాలంలో జరిగిన మొదటి జనగణన 1881 నాటిది. లెక్కలు రాసేవారు ఇంటింటికీ వెళ్లి పేరు, వయసు, వృత్తి అడుగుతారు. ఇంట్లోవాళ్లు జవాబు చెబుతారు. మరి ఇల్లూ వాకిలీ లేని ప్రాణి సంగతేమిటి? రోజులో ఎక్కువ భాగం నీటి అడుగున ఉంటూ, ఏడాదికి వేల కిలోమీటర్లు ప్రయాణం చేస్తూ, ఊపిరి తీసుకోవడానికి మాత్రం పైకి వచ్చి క్షణాల్లో మాయమయ్యే ప్రాణిని ఎవరు లెక్కపెట్టగలరు?

పసిఫిక్ మహాసముద్రం మధ్యనున్న హవాయి దీవుల్లో ఈ పని కొన్ని దశాబ్దాలుగా జరుగుతోంది. ప్రతి శీతకాలంలోనూ అక్కడికి తిరిగివచ్చే హంప్‌బ్యాక్ తిమింగలాలను శాస్త్రవేత్తలూ, సామాన్య పౌరులూ కలిసి లెక్కిస్తున్నారు. ఈ లెక్క వెనుక దాదాపు రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. మనిషి తిమింగలాన్ని మొదట నూనె పీపాల్లో కొలిచాడు. తరువాత చచ్చినవాటిని లెక్కించాడు. చివరకు బ్రతికి ఉన్నవాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. ఈ మూడు దశలను ఈరోజు వరుసగా పరిశీలిద్దాం.

ఎవరీ చలికాలపు అతిథులు?

ముందుగా ఈ ప్రాణిని పరిచయం చేసుకుందాం. తిమింగలం చేప కాదు. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లలను కని, పాలిచ్చి పెంచే క్షీరదం. హంప్‌బ్యాక్ అంటే మూపురపు వీపు అని అర్థం. నీటిలోకి మునిగే ముందు ఇది వీపును విల్లులా వంచుతుంది. అప్పుడు వీపు మీది చిన్న రెక్క ఎద్దు మూపురంలా పైకి లేచి కనిపిస్తుంది. అందుకే ఆ పేరు. పెరిగిన తిమింగలం 12 నుంచి 15 మీటర్ల పొడవు, 25 నుంచి 40 టన్నుల బరువు ఉంటుంది. దీని పక్క రెక్కలు చాలా పొడవు. శరీరం పొడవులో దాదాపు మూడో వంతు ఉంటాయి.

ఉత్తర పసిఫిక్ తిమింగలాలు వేసవి అంతా అలాస్కా వంటి చల్లని సముద్రాల్లో గడుపుతాయి. అక్కడ రొయ్యల్లాంటి క్రిల్ అనే చిన్న జీవులనూ, గుంపులుగా తిరిగే చిన్న చేపలనూ తిని ఒంటికి కొవ్వు పట్టిస్తాయి. చలికాలం రాగానే వాటిలో చాలా భాగం హవాయి వైపు బయలుదేరుతాయి. దారి సుమారు 4,500 కిలోమీటర్లు. ఒక తిమింగలం ఈ దూరాన్ని 39 రోజుల లోపే దాటినట్లు ఫోటోల ఆధారంగా తేలింది. నవంబరు నుంచి రావడం మొదలవుతుంది. జనవరి నుంచి మార్చి వరకు దీవుల చుట్టూ ఎక్కువగా కనిపిస్తాయి. మే నెలకల్లా దాదాపు అన్నీ వెళ్లిపోతాయి.

హవాయి నీళ్లు వెచ్చగా ఉంటాయి గాని, వాటికి తిండి దొరకదు. జత కట్టడానికీ, పిల్లలను కనడానికీ వచ్చిన తిమింగలాలు అక్కడున్న వారాల తరబడి ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే బ్రతుకుతాయి. పుట్టిన పిల్ల 4 మీటర్లకు పైగా పొడవు, దాదాపు ఒక టన్ను బరువు ఉంటుంది. తల్లి తాను తినకుండానే ఆ పిల్లకు పాలిచ్చి, మళ్లీ ఉత్తరానికి తీసుకువెళ్లాలి. అంటే హవాయిలో ఎన్ని పిల్లలు కనిపిస్తాయన్నది అంతకుముందు వేసవిలో అలాస్కాలో ఎంత తిండి దొరికిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

పీపాల్లో కొలిచిన కాలం

ఇప్పుడు చరిత్రలోకి వెళదాం. 1819లో న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చిన తిమింగల వేట నౌకలు మొదటిసారి హవాయి చేరాయి. ఆ కాలంలో అమెరికా, యూరప్ నగరాల్లో దీపాలు వెలిగించడానికీ, యంత్రాలకు పూయడానికీ తిమింగలం నూనె వాడేవారు. 1840, 1850 దశకాల్లో ఏటా వందలాది వేట నౌకలు హవాయి రేవులకు వచ్చేవి. మావీ దీవిలోని లహైనా, ఒవాహూ దీవిలోని హొనొలులు వాటికి ముఖ్యమైన మజిలీలు. నీళ్లు, కూరగాయలు, మాంసం, కొత్త నావికులు అన్నీ అక్కడే దొరికేవి. 'మొబీ డిక్' నవల రాసిన హెర్మన్ మెల్విల్ కూడా 1843లో ఈ దీవుల్లో కొంతకాలం ఉన్నాడు.

ఆ నౌకల రికార్డుల్లో తిమింగలాల సంఖ్య కన్నా నూనె పీపాల సంఖ్యకే విలువ ఎక్కువ. యజమానికి కావలసింది లాభం. లాభాన్ని కొలిచేది పీపా. సముద్రంలో ఇంకా ఎన్ని మిగిలాయన్న ప్రశ్న ఆ పుస్తకాల్లో లేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. లహైనాకు వచ్చిన వేటగాళ్లు ముఖ్యంగా స్పెర్మ్ తిమింగలాలనూ, తరువాత ఉత్తరాన దొరికే రైట్, బోహెడ్ జాతులనూ వేటాడారు. హంప్‌బ్యాక్‌ల జోలికి అంతగా పోలేదు. నూనె తక్కువ, చంపితే మునిగిపోయే స్వభావం ఎక్కువ కావడం అందుకు ఒక కారణం. అయితే రేవు ముందే ఆడే తిమింగలాల గురించి వాళ్ల రాతల్లో ప్రస్తావన చాలా తక్కువ. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన లూయీ హెర్మన్ 1979లో ఈ విషయాన్ని ఎత్తి చూపాడు. హంప్‌బ్యాక్‌లు పెద్ద సంఖ్యలో హవాయికి రావడం గత రెండు వందల ఏళ్లలోనే మొదలై ఉండవచ్చని ఆయన వాదించాడు.

ఈ వాదనతో అందరూ ఏకీభవించలేదు. హవాయి భాషలో తిమింగలానికి 'కొహొలా' అనే పాత మాట ఉంది. స్పెర్మ్ తిమింగలం పంటితో చేసిన పతకాన్ని అక్కడి నాయకులు అధికార చిహ్నంగా మెడలో ధరించేవారు. ఇవన్నీ దీవివాసులకు తిమింగలాలతో ఉన్న పాత సంబంధాన్ని చూపుతాయి. చరిత్ర విద్యార్థులకు ఇందులో ఒక మంచి పాఠం ఉంది. ఒక విషయం రాతల్లో కనిపించకపోతే అది జరగలేదని అర్థమా, లేక రాసినవారికి దానితో పని లేదని అర్థమా? ఈ ప్రశ్న ప్రతి ఆధారం దగ్గరా వేసుకోవాలి.

యూనిట్ల లెక్క, దొంగ లెక్క

1859లో పెన్సిల్వేనియాలో భూమి నుంచి నూనె తీయడం మొదలయ్యాక కిరోసిన్ చౌకగా దొరికింది. పాత తరహా వేట తగ్గింది. కానీ తిమింగలాల కష్టాలు తీరలేదు, పెరిగాయి. 1870 ప్రాంతంలో నార్వేకు చెందిన స్వెండ్ ఫోయిన్ పేలుడు పదార్థంతో కూడిన ఈటెను ఫిరంగితో వదిలే పద్ధతిని స్థిరపరిచాడు. 1925 నుంచి చంపిన తిమింగలాన్ని నడిసముద్రంలోనే ఓడ మీదికి లాగి కోసే కర్మాగార నౌకలు వచ్చాయి. ఇక ఏ జాతికీ దాక్కునే చోటు లేకుండా పోయింది. 20వ శతాబ్దంలో దక్షిణార్ధగోళంలో 2 లక్షలకు పైగా, ఉత్తర పసిఫిక్‌లో 28 వేలకు పైగా హంప్‌బ్యాక్‌లు వేటకు బలయ్యాయి.

ఈ వేటకు హద్దు పెట్టాలని 1946లో వాషింగ్టన్‌లో కొన్ని దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం అంతర్జాతీయ తిమింగల వేట సంఘం ఏర్పడింది. దక్షిణ ధ్రువ సముద్రంలో వేట పరిమితిని నిర్ణయించడానికి ఆ సంఘం వాడిన కొలమానం పేరు 'నీలి తిమింగల యూనిట్'. ఒక నీలి తిమింగలం ఒక యూనిట్. రెండు ఫిన్ తిమింగలాలు కలిస్తే ఒక యూనిట్. హంప్‌బ్యాక్‌లైతే రెండున్నర, సేయ్ తిమింగలాలైతే ఆరు. మొదట్లో ఏడాదికి 16,000 యూనిట్ల వరకు అనుమతించారు.

ఈ లెక్కలో లోపం ఎక్కడుందో చూశారా? ఏ జాతిని ఎన్ని చంపాలో అది చెప్పదు. నూనె పరిమాణాన్ని బట్టి జాతులన్నిటినీ ఒకే గంపలో వేసింది. ఒక జాతి అంతరించే దశకు చేరినా, యూనిట్ల మొత్తం మాత్రం మరో జాతితో నిండిపోయేది. ఈ పద్ధతిని 1972లో గాని వదిలిపెట్టలేదు.

లోపమున్న లెక్క ఒక ఎత్తు, అబద్ధపు లెక్క మరో ఎత్తు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సోవియట్ యూనియన్ నౌకలు రహస్యంగా పెద్ద ఎత్తున వేటాడాయి. దక్షిణార్ధగోళంలో తాము చంపిన హంప్‌బ్యాక్‌లు 2,710 అని ఆ దేశం అంతర్జాతీయ సంఘానికి నివేదించింది. అసలు సంఖ్య 48 వేలకు పైనే. అన్ని జాతులూ కలిపి దాచిపెట్టిన వేట ప్రపంచం మొత్తం మీద సుమారు 1,80,000 తిమింగలాలని తరువాత లెక్క తేలింది. ప్రణాళికలో పెట్టిన లక్ష్యాన్ని చేరుకుంటే నావికులకు బహుమానాలు దక్కేవి. ఆ లక్ష్యాల పరుగులో సముద్రం ఖాళీ అవుతున్న సంగతిని పైవారు పట్టించుకోలేదు. నౌకల్లో పనిచేసిన కొందరు శాస్త్రవేత్తలు మాత్రం అసలు వివరాల పత్రాలను రహస్యంగా దాచి ఉంచారు. 1993లో రష్యా శాస్త్రవేత్త అలెక్సీ యబ్లొకోవ్ ఈ నిజాన్ని బయటపెట్టాడు. దాచిన పత్రాలు వెలుగు చూశాక పాత లెక్కలన్నీ తిరగరాయవలసి వచ్చింది.

మన దేశంలోనూ ఇటువంటి అనుభవం ఉంది. రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంలో కాగితాల మీద పులులు ఉండగానే, అడవిలో ఒక్కటీ మిగలలేదని 2005లో తేలింది. ఆ తరువాత పాదముద్రల లెక్కను పక్కనపెట్టి, కెమెరాలకు చిక్కిన చారల ఆధారంగా పులులను గుర్తించే పద్ధతి వచ్చింది. తప్పు సంఖ్య కాగితానికే పరిమితం కాదు. అది ఉన్నంతకాలం ప్రమాదం కనిపించకుండా పోతుంది.

దక్షిణార్ధగోళంలో హంప్‌బ్యాక్‌ల వేటను 1963లో, ఉత్తర పసిఫిక్‌లో 1966లో నిషేధించారు. అప్పటికి ఉత్తర పసిఫిక్‌లో మిగిలినవి వెయ్యి నుంచి పదిహేను వందల మధ్య ఉండవచ్చని అంచనా.

పాట తెచ్చిన మార్పు

నిషేధం ఒక్కటే సరిపోదు. ప్రజల మనసు కూడా మారాలి. ఆ మార్పుకు తోడ్పడింది ఒక పాట. బెర్ముడా దీవుల దగ్గర అమెరికా నౌకాదళం కోసం పనిచేసిన ఫ్రాంక్ వాట్లింగ్టన్ సముద్రగర్భ శబ్దాలను రికార్డు చేశాడు. వాటిని విన్న రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే అనే శాస్త్రవేత్తలు ఆ శబ్దాలు ఒక క్రమంలో మళ్లీ మళ్లీ వస్తున్నాయని గుర్తించి 1971లో ప్రకటించారు. మగ హంప్‌బ్యాక్‌లు సంతాన కాలంలో నిమిషాల తరబడి సాగే పాట పాడతాయి. అంతకుముందే 1970లో ఆ పాటలతో ఒక గ్రామఫోన్ రికార్డు విడుదలై లక్షలమందిని చేరింది. 1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు వాణిజ్య వేటను పదేళ్లు ఆపాలని కోరింది. 1982లో అంతర్జాతీయ సంఘం వాణిజ్య వేట మొత్తాన్ని నిలిపివేయాలని తీర్మానించింది. అది 1985-86 నుంచి అమల్లోకి వచ్చింది.

తోకే గుర్తింపు కార్డు

వేట ఆగింది. సంఖ్య పెరుగుతోందా? అది తెలియాలంటే బ్రతికున్న తిమింగలాలను లెక్కించాలి. పాత పద్ధతి ఇందుకు పనికిరాదు. 1930 దశకం నుంచి శాస్త్రవేత్తలు వరుస సంఖ్య చెక్కిన చిన్న ఉక్కు గొట్టాన్ని తిమింగలం ఒంట్లోకి కాల్చి పంపేవారు. ఆ గొట్టం తిరిగి దొరికేది తిమింగలాన్ని చంపి కోసినప్పుడే. అంటే దాని ప్రయాణం గురించి తెలుసుకోవాలంటే అది చావాలి.

1970 దశకంలో కొత్త మార్గం దొరికింది. హంప్‌బ్యాక్ లోతుగా మునిగేటప్పుడు తోకను నీటిపైకి ఎత్తుతుంది. ఆ తోక అడుగు భాగంలో నలుపు తెలుపు మచ్చలు, గీతలు, గాట్లు ఉంటాయి. మన వేలిముద్రల్లాగే ఏ రెండు తోకలూ ఒకేలా ఉండవు. అట్లాంటిక్ తీరంలో స్టీవెన్ కటోనా బృందమూ, అలాస్కాలో చార్లెస్ జురాస్ వంటి పరిశీలకులూ ఈ తోకల ఫోటోలు తీసి ఆల్బంలుగా కూర్చారు. హవాయిలో హెర్మన్ బృందం 1970 దశకం మధ్యలో ఇదే పని మొదలుపెట్టింది.

అలాస్కా ఆల్బంనూ, హవాయి ఆల్బంనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అసలు విశేషం బయటపడింది. వేసవిలో అక్కడ తీసిన తోక, చలికాలంలో ఇక్కడ తీసిన తోక ఒక్కటే! హవాయికి వచ్చే తిమింగలాలు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు 1970 దశకం చివరికి స్పష్టమైన జవాబు దొరికింది. ఒక్క తిమింగలానికీ గాయం చేయకుండా సాధించిన జవాబు అది.

ఈ ఆల్బంల విలువ కాలం గడిచేకొద్దీ పెరుగుతుంది. 1972లో అలాస్కాలో మొదటిసారి ఫోటో తీసిన ఒక మగ తిమింగలం 2024 వేసవిలో మళ్లీ కనిపించింది. పరిశోధకులు దానికి 'ఓల్డ్ టైమర్' అని పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే 'పెద్దాయన'. అర్ధశతాబ్దం పాటు ఒకే ప్రాణి ఉనికిని కాగితం మీద అనుసరించగలిగాం.

కొన్నిటిని చూసి అన్నిటినీ లెక్కించడం

అన్ని తిమింగలాలకూ ఫోటో తీయడం సాధ్యం కాదు కదా, మొత్తం సంఖ్య ఎలా తెలుస్తుంది? దీనికి ఒక తేలికైన గణిత సూత్రం ఉంది. చెరువులోని చేపలతో ఉదాహరణ చెప్పుకుందాం. మొదటి రోజు 100 చేపలను పట్టి, గుర్తు పెట్టి వదిలేశాం. అవి మిగతావాటితో బాగా కలిసిపోయాక మళ్లీ 100 చేపలను పట్టాం. అందులో 20 చేపలకు మన గుర్తు ఉంది. అంటే రెండోసారి పట్టినవాటిలో ఐదో వంతు పాత చేపలు. కాబట్టి మనం మొదట గుర్తు పెట్టిన 100 చేపలు కూడా మొత్తం చెరువులో ఐదో వంతే అయి ఉండాలి. చెరువులో సుమారు 500 చేపలున్నాయన్నమాట.

ఫ్రాన్స్ గణితవేత్త లాప్లాస్ 19వ శతాబ్దం ప్రారంభంలోనే తన దేశ జనాభాను అంచనా వేయడానికి ఇటువంటి ఆలోచననే వాడాడు. తిమింగలాల విషయంలో తోక ఫోటోయే ఆ గుర్తు. వలా అక్కర్లేదు, చీటీ కట్టడమూ అక్కర్లేదు.

అయితే ఈ సూత్రం కొన్ని షరతుల మీద నిలబడుతుంది. ప్రతి ప్రాణికీ కనిపించే అవకాశం ఒకేలా ఉండాలి. పిల్లతో ఉన్న తల్లి తోక ఎత్తడం తక్కువ. పిల్లలు ఇంకా తక్కువ. ఈ మధ్యకాలంలో కొన్ని పుడతాయి, కొన్ని చనిపోతాయి. కాబట్టి శాస్త్రవేత్తలు ఇటువంటి తేడాలను సవరించే పద్ధతులను కూడా కలిపి లెక్క కడతారు.

2004 నుంచి 2006 వరకు 'స్ప్లాష్' అనే పేరుతో ఉత్తర పసిఫిక్ అంతటా ఒక మహాగణన జరిగింది. పది దేశాల నుంచి 400 మందికి పైగా పాల్గొన్నారు. దాదాపు 8,000 తిమింగలాలను తోకల ఆధారంగా విడివిడిగా గుర్తించారు. ఆ లెక్కల ప్రకారం మొత్తం సంఖ్య సుమారు 21 వేలు. అందులో దాదాపు సగం చలికాలంలో హవాయికి వచ్చేవే. నలభై ఏళ్ల కిందట పదిహేను వందలు కూడా ఉన్నాయో లేదో అనుకున్న జాతి అది!

ఒడ్డున నిలబడిన వేల కళ్లు

ఇదంతా నిపుణుల పని. సామాన్యుల పాత్ర ఏమిటి? మావీ దీవిలో 1988 నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ ఒడ్డు నుంచి తిమింగలాలను లెక్కించే కార్యక్రమం నడుపుతోంది. 1992లో అమెరికా కాంగ్రెసు హవాయి దీవుల చుట్టూ హంప్‌బ్యాక్‌ల కోసం జాతీయ సముద్ర అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది. ఆ అభయారణ్యం ఆధ్వర్యంలో 1996లో ఒవాహూ దీవిలో పౌరుల గణన మొదలైంది. తరువాత మరికొన్ని దీవులకు విస్తరించింది. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో చివరి శనివారం ఈ గణనకు ఆనవాయితీగా వస్తోంది. 2019 నుంచి రెండు కార్యక్రమాలనూ ఒకే రోజుల్లో జరిపే ఏర్పాటు చేశారు.

పద్ధతి చాలా సరళమైనది. విద్యార్థులు, ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవారు ఉదయం ఎనిమిది గంటలకల్లా సముద్రం బాగా కనిపించే ఎత్తైన చోట కూర్చుంటారు. చేతిలో బైనాక్యులర్స్, ఒళ్లో రాతపత్రం. కాలాన్ని 15 నిమిషాల భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో ఎన్ని తిమింగలాలు కనిపించాయో, అవి ఏం చేశాయో రాస్తారు. నీటి ఆవిరి చిమ్మిందా, తోక ఎత్తిందా, పక్క రెక్కతో నీటిని కొట్టిందా, ఒళ్లంతా గాలిలోకి ఎగిరి పడిందా అని గుర్తులు పెడతారు. గాలి ఎలా ఉంది, అలలు ఎలా ఉన్నాయి, ఎంత దూరం వరకు కనిపిస్తోంది అన్నవీ రాస్తారు. గాలి ఎక్కువైతే తెల్లని అలల నురగే తిమింగలం ఊపిరిలా భ్రమ కలిగిస్తుంది.

ఈ లెక్క నుంచి మొత్తం తిమింగలాల సంఖ్య రాదు. ఒకే తిమింగలం రెండు చోట్ల లెక్కకు రావచ్చు. పెద్ద తిమింగలం పది, పదిహేను నిమిషాలు నీటి అడుగునే ఉండిపోవచ్చు. మరి ఉపయోగం ఏమిటి? ప్రతి సంవత్సరం అదే చోట, అదే నెలలో, అదే పద్ధతిలో చూస్తే హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. డాక్టరు ప్రతిసారీ అదే థర్మామీటరుతో జ్వరం చూసినట్టే ఇది.

లెక్కపెట్టేవారూ, చూడవచ్చేవారూ పాటించవలసిన నియమాలు కూడా ఉన్నాయి. హవాయిలో పడవ గాని, ఈతగాడు గాని హంప్‌బ్యాక్‌కు 100 గజాల కన్నా దగ్గరగా వెళ్లడం నేరం. ఒకనాడు వేటగాళ్లు దిగిన లహైనా రేవు తరువాత తిమింగలాలను చూపించే పడవలకు బయలుదేరే చోటయింది. 2023 ఆగస్టులో జరిగిన ఘోర అగ్నిప్రమాదంలో ఆ చారిత్రక పట్టణంలో చాలా భాగం కాలిపోయింది. తిమింగలాలు మాత్రం ఆ తీరం ముందున్న నీళ్లలోకి శీతకాలంలో వస్తూనే ఉన్నాయి.

పెరిగిన సంఖ్య, మళ్లీ తగ్గిన సంఖ్య

2016లో అమెరికా ప్రభుత్వం ప్రపంచంలోని హంప్‌బ్యాక్‌లను 14 సమూహాలుగా విభజించింది. వాటిలో 9 సమూహాలను అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి తొలగించింది. హవాయి సమూహం ఆ తొమ్మిదిలో ఒకటి. జీవజాతుల రక్షణ చరిత్రలో ఇది గొప్ప విజయమే.

కానీ సరిగ్గా అదే కాలంలో ఒడ్డున కూర్చున్నవారికీ, పడవల్లో తిరిగేవారికీ తేడా కనిపించసాగింది. తిమింగలాలు తగ్గాయి. ముఖ్యంగా పిల్లలతో ఉన్న తల్లులు తగ్గాయి. మావీ దగ్గర జరిగిన ఒక అధ్యయనంలో తల్లీపిల్లల జంటలు ఎదురుపడే రేటు 2013, 2018 సంవత్సరాల మధ్య 75 శాతానికి పైగా పడిపోయింది. కారణం ఏమిటి?

మొదట్లో గుర్తుంచుకోమన్న విషయం ఇప్పుడు తలచుకోండి. హవాయిలో పుట్టే పిల్లకు ఆధారం అలాస్కాలో దొరికే తిండి. 2014 నుంచి 2016 వరకు ఈశాన్య పసిఫిక్‌లో తీవ్రమైన సముద్ర ఉష్ణతరంగం వచ్చింది. పై నీరు వేడెక్కితే, లోతుల్లోని పోషకాలు పైకి రావడం తగ్గుతుంది. పోషకాలు లేకపోతే సూక్ష్మ వృక్షాలు పెరగవు. అవి లేకపోతే క్రిల్, చేపలు తగ్గుతాయి. బలం లేని ఆడ తిమింగలం గర్భం ధరించదు, ధరించినా బిడ్డను నిలుపుకోవడం కష్టం.

కొన్ని తిమింగలాలు హవాయి మాని మరో చోటికి వెళ్లాయేమో అన్న అనుమానం కూడా వచ్చింది. దానిని తేల్చడానికి మళ్లీ తోకల ఫోటోలే పనికివచ్చాయి. 2015లో ప్రారంభమైన 'హ్యాపీవేల్' అనే వేదికకు శాస్త్రవేత్తలతో పాటు పర్యాటకులు కూడా ఫోటోలు పంపుతారు. కృత్రిమ మేధ ఆ ఫోటోలను పాతవాటితో పోల్చి తిమింగలాన్ని గుర్తిస్తుంది. ఉత్తర పసిఫిక్ అంతటి నుంచీ వచ్చిన ఫోటోలతో 2024లో ఒక పరిశోధన వెలువడింది. 2012లో సుమారు 33,500కు చేరిన మొత్తం సంఖ్య 2021 నాటికి సుమారు 26,700కు తగ్గిందని అది తేల్చింది. అంటే 20 శాతం తగ్గుదల. హవాయికి వచ్చే సమూహంలో తగ్గుదల 34 శాతం. వాటిలో ఎక్కువ భాగం ఎక్కడికో వెళ్లిపోలేదు, ఆకలితో చనిపోయి ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం.

జాబితా నుంచి తొలగించాక గణన కూడా ఆపేసి ఉంటే ఏమయ్యేది? దాదాపు 7,000 తిమింగలాలు లేకుండా పోయిన సంగతి మనకు తెలిసేదే కాదు.

అరేబియా సముద్రంలో మన పొరుగువారు

ఇంతవరకు దూరపు సముద్రాల కథ చెప్పుకున్నాం. మన పక్కనున్న అరేబియా సముద్రంలో కూడా హంప్‌బ్యాక్‌లున్నాయి. ఇవి వలస పోవు. నైరుతి రుతుపవనాల బలమైన గాలులకు ఒమన్ తీరంలో లోతుల్లోని చల్లని నీరు పోషకాలతో పైకి వస్తుంది. అందువల్ల తిండికోసం ధ్రువాల వైపు పోనవసరం లేకుండా ఏడాది పొడవునా ఇక్కడే ఉంటాయి. సుమారు 70 వేల ఏళ్లుగా ఇవి మిగతా హంప్‌బ్యాక్‌ల నుంచి వేరుగా ఉన్నాయని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి.

1966 నవంబరులో సోవియట్ నౌకలు ఒమన్, పాకిస్థాన్, పశ్చిమ భారత తీరాల దగ్గర వీటిని వేటాడాయి. అంతకుముందు ఏడాది చంపినవాటితో కలిపి 242 ప్రాణాలు పోయాయి. ఈ సంగతి మూడు దశాబ్దాల తరువాత 1997లో ప్రచురితమైంది. 2000 దశకం ప్రారంభంలో ఒమన్ దగ్గర తోకల ఫోటోలతో వేసిన అంచనా ప్రకారం మిగిలినవి సుమారు 82. ఒక బడిలోని రెండు తరగతుల పిల్లలంత! 1979లో అంతర్జాతీయ సంఘం హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించింది. అయినా చేపల వలల్లో చిక్కుకోవడం, ఓడలు ఢీకొనడం వంటి ప్రమాదాలు పొంచే ఉన్నాయి.

2017లో ఒమన్ దగ్గర 'లుబాన్' అనే ఆడ తిమింగలానికి ఉపగ్రహ పరికరం అమర్చారు. అది అరేబియా సముద్రాన్ని దాటి మన పశ్చిమ తీరం వెంట దక్షిణ కొస దాకా వచ్చి, తిరిగి ఒమన్ చేరింది. ఈ తిమింగలాలకు ఏ దేశపు సరిహద్దూ లేదని ఆ ప్రయాణం రుజువు చేసింది. మన తీరంలో వీటిని చూసి నమోదు చేసే కళ్లు ఇంకా తక్కువ. జాలరులు చెప్పే ప్రతి కబురూ, తీసే ప్రతి ఫోటో ఇక్కడ విలువైన ఆధారమే.

సారాంశం

తిమింగలాన్ని పీపాల్లో కొలిచినంతకాలం అది సరుకుగానే ఉంది. యూనిట్ల లెక్కలో జాతుల తేడా మరుగున పడింది. అబద్ధపు లెక్కల చాటున ఒక జాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తోక ఫోటోతో ఒక్కొక్క ప్రాణినీ గుర్తుపట్టడం నేర్చుకున్నాకే వేట నిషేధం ఫలితం ఇచ్చిందని తెలిసింది. ఆ పనిని ఆపకుండా సాగించినందువల్లే సముద్రం వేడెక్కడం వల్ల కలిగిన కొత్త నష్టమూ తెలిసింది. వచ్చే జనవరిలోనూ హవాయి ఒడ్డున కొందరు ఉదయాన్నే కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటారు. అటువంటి పని మీ ఊరి చెరువు మీద వాలే పక్షులతో మీరూ మొదలుపెట్టవచ్చు. చోటు, వేళ, పద్ధతి మార్చకుండా ఏటా రాసి ఉంచండి.

ఆలోచించి రాయండి

1. 'నీలి తిమింగల యూనిట్' పద్ధతి ఒక్కో జాతికి ఎందుకు హాని చేసింది?

2. ఒడ్డు నుంచి తీసే లెక్క మొత్తం సంఖ్యను చెప్పలేకపోయినా ఎందుకు అవసరం?

3. మొదటిసారి 60 తోకలకు ఫోటో తీశారు. రెండోసారి తీసిన 80 ఫోటోల్లో 12 పాతవి. ఆ సముద్రంలో సుమారు ఎన్ని తిమింగలాలు ఉండవచ్చు?